గడువులోపలే పూర్తయిన గూడు

ఒక పెద్ద అడవిలో పక్షులు గూళ్లు కట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు కట్టించుకుంటున్నాయి.

కట్టించేది గిజిగాడు బుచ్చిలింగం ఏజెన్సీ. వాగు ఒడ్డున వరసగా ఉన్న ఈతచెట్లే దాని ఆఫీసు. ఎవరికి గూడు కావాలన్నా అక్కడికి వెళ్లి, ఎలా కావాలో చెప్పి, అడ్వాన్సుగా ఇన్ని గింజలు పోసి వస్తారు. బుచ్చిలింగం కింద చాలామంది గిజిగాళ్లు పనిచేస్తారు. వాళ్ల అల్లికకు ఇంతవరకు వంక పెట్టినవాళ్లు లేరు. వాన కారదు, గాలికి ఊడదు.

వంక పెట్టాల్సింది గడువుకే. వేసవిలో అడిగిన గూడు వానల్లో వచ్చేది. వానల్లో అడిగిన గూడు పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాక వచ్చేది. ఖర్చు సంగతి సరేసరి. చెప్పిన పీచుకు రెట్టింపు పీచు, పోసిన గింజలకు రెట్టింపు గింజలు. ఇల్లు కట్టి చూడు అన్నవాడు ఏజెన్సీ చేత కట్టించి చూడలేదు కాబట్టి అంతటితో ఆగాడు.

ఈ ఆలస్యానికి కారణం ఒక పాత ఆచారం. గిజిగాళ్ల వంశంలో గూడు సగం అల్లాక పని ఆపేస్తారు. అందులో ఉండబోయే ఆవిడను పిలుస్తారు. ఆవిడ వచ్చి ఆ సగం గూట్లో కూర్చుంటుంది. కాళ్లతో తొక్కుతుంది, ముక్కుతో పీచు లాగుతుంది, ఊగి చూస్తుంది. బాగుందంటే మిగతా సగం అల్లుతారు. బాగాలేదంటే దాన్ని అక్కడే వదిలేసి మళ్లీ మొదటి పోచ నుంచి మొదలుపెడతారు. తాతల కాలంలో పెళ్లాల కోసం పెట్టుకున్న పద్ధతి అది. ఏజెన్సీ పెట్టాక క్లయింట్లకూ అదే నడిపించారు.

పెళ్లామైతే ఒక్కతే వచ్చి కూర్చునేది. క్లయింటు ఒక్కతే రాదు. తోడికోడలిని, ఆడపడుచును వెంటబెట్టుకొస్తుంది. కూర్చునేది ఒకరు, పెదవి విరిచేది నలుగురు. పోయినేడు ఒక గోరింక గూడు ఇలాగే నాలుగుసార్లు సగంలో వదిలేశారు. ఐదోదానికి ఆమె ఆడపడుచు వచ్చి చూసి, "మొదటిదే బాగుంది కదా వదినా" అంది.

ఆ సాయంత్రమే బుచ్చిలింగం ఒక మేనేజర్ని పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాడు.

వచ్చినవాడి పేరు వసంతరావు. కోయిల. నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి కళ్లతో, కొమ్మ మీద కూర్చోగానే ఆఫీసుకు ఒక హుందాతనం వచ్చింది.

"గూళ్లు కట్టిన అనుభవం ఉందా?" అని అడిగాడు బుచ్చిలింగం.

"కట్టడం కింది స్థాయి పనండీ. నా అనుభవం వేరు. నేను పుట్టింది, పెరిగింది, మా వంశమంతా పైకొచ్చింది గూళ్లలోనే. వాటిలో ఒక్కటి కూడా మాది కాదు. అందుకే ఏ గూటినైనా పక్షపాతం లేకుండా చూడగలను."

"మా ఇబ్బంది ఆలస్యం గురించి."

"తెలుసండీ. మీ ఆలస్యాల వల్ల మా ఇంట్లో ఎంత అవస్థ పడ్డామో."

"మీ ఇంట్లోనా? మీరెప్పుడూ మా దగ్గర గూడు కట్టించుకోలేదే?"

"అంటే, సమాజం మొత్తం అవస్థ పడిందని నా ఉద్దేశం" అన్నాడు వసంతరావు. ఆ గొంతులో ఏ మాటైనా బాగుంటుంది. చెప్పేవాడి గొంతు అలాంటిదైతే వినేవాడికి రెండో ప్రశ్న గుర్తుకురాదు. బుచ్చిలింగం అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశాడు.

వసంతరావు చేతికి వచ్చిన మొదటి ప్రాజెక్టు కాకి పోలమ్మది.

పోలమ్మ అంతకుముందు ఎవరి చేతా గూడు కట్టించుకోలేదు. తన గూడు తనే కట్టుకునేది. కానీ పోయినేడు మృగశిర కార్తె మొదటి గాలివానకు ఆ గూడు కొమ్మ మీంచి జారి వాగులో పడింది. అందులో ఇంకా కళ్లు తెరవని పిల్లలు రెండున్నాయి. వాన తెరిపిచ్చాక ఆమె వాగు వెంట చాలా దూరం వెతుక్కుంటూ వెళ్లింది. దొరకలేదు. ఈ ఏడు మళ్లీ గుడ్లు పెట్టే వేళయింది. తన చేతి పని మీద ఆమెకు నమ్మకం పోయింది. అందుకని మొగుడు గవరయ్య వద్దంటున్నా వినకుండా ఏజెన్సీకి వచ్చింది.

"గాలికి ఊడకూడదు. ఐదు గుడ్లు పట్టాలి. మృగశిర రాకముందే చేతికివ్వాలి. అంతే" అంది.

తర్వాత తలెత్తి చూస్తే ఎదురుగా వసంతరావు ఉన్నాడు.

"ఈయన పుట్టింది మా పెద్దమ్మ గూట్లో" అంది పోలమ్మ బుచ్చిలింగంతో.

"ఆ రుణం తీర్చుకుందామనే మీ ప్రాజెక్టు స్వయంగా నేనే చూస్తున్నాను పోలమ్మగారూ" అన్నాడు వసంతరావు.

"ఈయన ప్రొఫెషనల్ అమ్మా. పాత కక్షలు ఆఫీసుకు తెచ్చుకోరు" అన్నాడు బుచ్చిలింగం.

కక్ష ఉండాల్సింది ఎవరికో పోలమ్మకు తెలుసు. కానీ వాగు ఒడ్డున నిలబడి వాగువైపు చూడకుండా మాట్లాడుతున్న తల్లికి వాదించే ఓపిక ఎక్కడిది? "సగం అయ్యాక కబురు చెయ్యండి, వచ్చి కూర్చుని చూస్తాను" అని మాత్రం అంది.

"ఆ శ్రమ మీకు లేకుండా చేస్తాం" అన్నాడు వసంతరావు.

మర్నాడు పొద్దున్నే మీటింగు పెట్టాడు. అందులో ముందు గిజిగాళ్లందరి పనితనాన్నీ పొగిడాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"ఆలస్యం ఎక్కడ పుడుతోంది? క్లయింటు వచ్చి కూర్చున్నప్పుడు. క్లయింటు రాకపోతే ఆలస్యం లేదు. కాబట్టి నేటినుంచి సగం గూట్లో కూర్చుని చూడటం రద్దు."

ఒక గిజిగాడు నోట్లో పీచు తీసి పక్కన పెట్టి, "మరి గూడు సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడు.

"పూర్తయ్యాక తెలుస్తుంది."

"అప్పుడు తెలిసి ఏం లాభం?"

"అప్పటికి ప్రాజెక్టు పూర్తయిపోయి ఉంటుంది కదా" అన్నాడు వసంతరావు. ఆ మాటలో తప్పెక్కడుందో పట్టుకోవడానికి గిజిగాళ్లు కాసేపు ప్రయత్నించారు. దొరక్కపోవడంతో చప్పట్లు కొట్టారు.

రెండో సంస్కరణ ఆకు. ప్రతి గూటి కింద ఒక పచ్చని ఆకు వేలాడదీస్తారు. పని సవ్యంగా సాగుతుంటే పచ్చాకు, వెనకబడితే పండుటాకు, పాడైతే ఎండుటాకు. చెట్టు కింద నుంచి తలెత్తి చూస్తే చాలు, బుచ్చిలింగానికి అన్ని ప్రాజెక్టుల సంగతీ తెలిసిపోతుంది. ఈ ఆకుల బాధ్యత రామచిలుక పచ్చయ్యకు అప్పగించారు. క్లయింట్లు చెప్పింది గుర్తుపెట్టుకోవడం కూడా అతని పనే. ఒకసారి విన్న మాట అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పడంలో అతన్ని మించినవాడు అడవిలో లేడు. అర్థం చేసుకోవడం అతని ఉద్యోగంలో భాగం కాదు.

అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. పొద్దున కట్టిన ఆకు మధ్యాహ్నానికి వాడిపోయి సాయంత్రానికి ఎండిపోయింది. బుచ్చిలింగం చెట్టు కిందికి వచ్చి తలెత్తి చూసి, అన్ని ప్రాజెక్టులూ ఒక్క పూటలో మునిగిపోయాయని గుండె పట్టుకున్నాడు.

వసంతరావు కంగారుపడలేదు. ఆకులు మార్పించాడు. ఇక పూటకోసారి మార్చాలని నియమం పెట్టాడు. పచ్చయ్య ఒక్కడి వల్ల కాదు కాబట్టి అతనికి సహాయకులుగా అతని బావమరుదులను తీసుకున్నారు. కొన్నాళ్లకు ఏజెన్సీలో అల్లే గిజిగాళ్ల కంటే ఆకులు మార్చే చిలుకలే ఎక్కువయ్యాయి. బుచ్చిలింగం ఎప్పుడు తలెత్తినా అంతా పచ్చగా కనిపించేది. అతనికి రాత్రిళ్లు నిద్ర పట్టడం మొదలైంది.

అయితే చిలుకలు కూడా గింజలే తింటాయి. పోలమ్మ పోసిన గింజల్లో సగం ఆకుల ఖర్చుకే పోయాయి. గూడు ఖర్చులోపల పూర్తి కావాలంటే ఇంకెక్కడైనా తగ్గించాలి.

వసంతరావు గూటి చుట్టూ ఒకసారి ఎగిరి వచ్చాడు. మద్దిచెట్టు పంగలో గిజిగాళ్లు అడుగు అల్లి, మధ్యలో వెడల్పుగా గది మొదలుపెట్టి ఉన్నారు.

"ఇంత గది ఎందుకు?" అన్నాడు.

"తల్లి కూర్చోవాలి కదండీ" అన్నాడు బుచ్చిలింగం.

"తల్లి ఎందుకు కూర్చోవాలి?"

"పొదగొద్దూ?"

"గూడు దేనికి బుచ్చిలింగంగారూ? గుడ్డు పెట్టడానికి. అదెంతసేపటి పని? మా ఆవిడైతే రెప్పపాటులో ముగిస్తుంది. పొదగడం వేరే విభాగం. మా ఇంట్లో తరతరాలుగా దాన్ని బయటివాళ్లకే అప్పగిస్తాం. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు."

అతను అబద్ధమాడలేదు. పొదిగేది కూడా ఆ గూట్లోనే అని వసంతరావుకు నిజంగానే తట్టలేదు. చూసినవన్నీ గూళ్లే, కూర్చుని పొదిగింది ఒక్కదాంట్లోనూ లేదు. బుచ్చిలింగానికి తెలుసు. తెలిసీ, కింద వేలాడుతున్న పచ్చాకు వైపు చూసి ఊరుకున్నాడు. నాకు కోపం వచ్చేది ఇతని మీదే.

తల్లి గది తీసేశారు. ఐదు గుడ్లు ఒద్దికగా ఇమిడేంత గుంట అల్లి, పైన చక్కటి కప్పు, ముందు చిన్న చూరు పెట్టారు. పీచు బోలెడు మిగిలింది.

ఆ సాయంత్రం వసంతరావు ఇంటికి వెళ్లేసరికి, ఇల్లంటే ఎవరిదో కొమ్మ, భార్య రాగమ్మ ఆయాసపడుతూ కూర్చుని ఉంది. ఆమెకూ నెలలు నిండాయి.

"ఈసారైనా గూడు వేళకి అందుతుందా? పోయినేడు ఆ గోరింకది అందుతుంది, అందుతుంది అని ఆశపెట్టారు. వాళ్ల ఆడపడుచు వంకలతో నా గుడ్డు నేలపాలైంది" అంది.

"ఈసారి మేనేజర్ని నేనే" అన్నాడు వసంతరావు.

ఇందులో అతన్ని తప్పుపట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎవరైనా ఉద్యోగం చేసేది ఇంట్లో అవసరం ఉండబట్టే కదా.

మృగశిర ఇంకా రానేలేదు, గూడు పూర్తయింది. ఏజెన్సీ చరిత్రలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. అప్పగింత సభకు అడవంతా వచ్చింది. నెమలి నాట్యం చేసింది. పచ్చయ్య, అతని బావమరుదులు కలిసి "గడువులోపల, ఖర్చులోపల" అని ముమ్మారు అరిచారు.

పోలమ్మ గవరయ్యతో కలిసి వచ్చింది. గుడ్ల బరువుకు ఎగరడం కష్టంగా ఉంది. గూడు చూడగానే ఆమె మొహం విప్పారింది. ముక్కుతో గట్టిగా లాగి చూసింది. ఒక్క పోచ కదల్లేదు. ఇది గాలికి ఊడదు అనుకుంది. వాగు వైపు ఒకసారి ధైర్యంగా చూసింది.

తర్వాత లోపలికి తొంగి చూసింది. అందులో అప్పటికే ఒక గుడ్డు ఉంది.

"ఇదేంటి?"

"నమూనా గుడ్డు" అన్నాడు వసంతరావు తడుముకోకుండా. "సరిగ్గా పడుతుందో లేదో పరీక్షించాం. బ్రహ్మాండంగా పట్టింది. ఇంకా నాలుగు పడతాయి."

"మా పెద్దమ్మ గూట్లో కూడా ఇలాంటి నమూనానే పెట్టారు" అంది పోలమ్మ. అయినా గూడు మీద ఆశ కొద్దీ ఆ మాట అక్కడితో వదిలేసి, లోపల కూర్చోబోయింది.

కాళ్లు అంచు మీద ఆనాయి. పొట్ట దిగలేదు. తల లోపలికి పెడితే తోక ఆకాశంలోకి లేచింది. తోక లోపలికి తిప్పితే తల చూరుకు కొట్టుకుంది. పడిపోకుండా ఉండటానికి రెక్కలు టపటపలాడించింది. ఆనందంతో ఆడుతోందనుకుని సభ మొత్తం చప్పట్లు కొట్టింది.

"గుడ్లు పడతాయి. మరి నేనెక్కడ పట్టాలి?" అంది పోలమ్మ.

"మీరు ప్రాజెక్టులో లేరండీ" అన్నాడు వసంతరావు మర్యాదగా. "పచ్చయ్యా, పోలమ్మగారు ఏం అడిగారు?"

"గాలికి ఊడకూడదు. ఐదు గుడ్లు పట్టాలి. మృగశిర రాకముందే చేతికివ్వాలి. అంతే" అన్నాడు పచ్చయ్య, పోలమ్మ గొంతుతోనే.

"అంతే అని మీరే అన్నారు."

"గూడంటే తల్లి కూర్చునేది కాదటయ్యా? అది కూడా చెప్పాలా?"

"చెప్పాలండీ."

"సరే, ఇప్పుడు చెప్తున్నాను. ఇంకో జానెడు వెడల్పు చెయ్యండి."

"అది మార్పు. మార్పంటే కొత్త ప్రాజెక్టు. వానలు తగ్గాక తప్పకుండా మొదలుపెడదాం."

పోలమ్మ బుచ్చిలింగం వైపు తిరిగింది. "నా పిల్లలు వాగులో పోయారు బాబూ. నువ్వైనా పిల్లలున్నవాడివి."

బుచ్చిలింగం పచ్చాకు వైపు చూస్తున్నాడు.

"మీ బాధ మాకు అర్థమైంది" అన్నాడు వసంతరావు. "పచ్చయ్యా, గుర్తుపెట్టుకో."

"బాధ అర్థమైంది" అన్నాడు పచ్చయ్య.

పోలమ్మ మొగుడితో కలిసి ఎగిరిపోయింది. పడమట మబ్బులు కమ్ముతున్నాయి.

ఆ రోజంతా మొగుడూ పెళ్లాలు పుల్లలేరారు. గవరయ్య తేవడం, పోలమ్మ పేర్చడం. నాలుగు పుల్లలు పడగానే మధ్యలో కూర్చునేది. తొక్కేది, ఊగేది, ముక్కుతో లాగేది. కదిలినచోట ఇంకో పుల్ల దోపేది. నచ్చకపోతే పీకి పారేసేది. "మబ్బు పట్టిందే, త్వరగా కానియ్యవే" అని గవరయ్య గోల పెట్టినా వినలేదు. పోయినేడు తొందరపడే కదా పోగొట్టుకుంది. చివరికి తయారైంది చూడటానికి గూడులా లేదు. ఎవరో పుల్లల కట్ట పారేస్తే కొమ్మల్లో ఇరుక్కున్నట్టు ఉంది. ఒక పక్క అంచు ఇంకా మిగిలి ఉండగానే మొదటి చినుకు పడింది. ఆమె అందులోనే గుడ్లు పెట్టి, రెక్కలు పరిచి కూర్చుంది.

గాలివాన విరుచుకుపడింది. కొమ్మ ఊగింది. కొమ్మతో గూడు, గూటితో పోలమ్మ ఊగారు. ఒళ్లంతా తడిసింది కానీ కింద గుడ్లు తడవలేదు. గాలి తగ్గాక ఆమె కళ్లు తెరిచి కిందికి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది.

ఏజెన్సీలో విజయోత్సవం ముగిసి అందరూ ఆకుల చాటున తలదాచుకున్నారు. రాగమ్మ మొగుణ్ని పక్కకు పిలిచింది.

"పోలమ్మ వేరే గూట్లో కూర్చుందటగా? మరి మన గుడ్డును ఎవరు పొదుగుతున్నారు?"

ఉద్యోగంలో చేరాక ఎవరూ అడగని ప్రశ్న అది. వసంతరావు వానలోనే మద్దిచెట్టుకు ఎగిరాడు.

గూడు చెక్కుచెదరలేదు. లోపల ఒక్క చుక్క పడలేదు. కింద ఆకు వానకు కడిగినట్టు పచ్చగా మెరుస్తోంది. గుడ్డు పొడిగా, చల్లగా ఉంది. అతను దాని మీద కూర్చోవాలని చూశాడు. తోక లేచింది, తల కొట్టుకుంది. కిందికి పైకి, అటూ ఇటూ తిరుగుతూ అరిచాడు. వానలో దూరం నుంచి విన్నవాళ్లు కోయిల పాడుతోందనుకున్నారు.

తెల్లవారగానే పోలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"పోలమ్మగారూ, మీరడిగిన మార్పుకు ఒప్పుకుంటున్నాం. ఎంత వెడల్పు కావాలంటే అంత. ఒక్క గింజ కూడా ఇవ్వక్కర్లేదు. గిజిగాళ్లందర్నీ పంపిస్తాను. మీరు ఇప్పుడే వచ్చి కూర్చోండి."

"ఇప్పుడేనా? అంత తొందరేమొచ్చింది?"

"ఆ గుడ్డు... నమూనా గుడ్డు చల్లబడుతోంది."

"నమూనాయే కదా వసంతరావుగారూ."

వసంతరావు రెండు రెక్కలూ జోడించాడు. చెయ్యని తప్పు ఒప్పుకోమన్నా ఒప్పుకునేలా ఉన్నాడు.

పోలమ్మ మనసు కాస్త మెత్తబడింది. పిల్లల్ని పోగొట్టుకున్నది కాబట్టి అతని తొందర దేనికో ఆమెకు తెలుసు. కానీ తన గుడ్లు వదిలి లేచే ప్రసక్తే లేదు.

"నా కింద చోటు లేదు బాబూ. మీ ఆవిడనే వెళ్లి కూర్చోమను" అంది.

"ఎలా కూర్చుంటుందండీ?" అన్నాడు వసంతరావు. "అందులో తల్లికి చోటు లేదు!"

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాకే అతనికి వినపడింది.

గుడ్డు పిల్ల కాలేదు. ఆ ఏడు వానలు తగ్గేదాకా రాగమ్మ మొగుడితో మాట్లాడలేదు. పోలమ్మ పిల్లలు మాత్రం ఎగరడం నేర్చుకుని అడవంతా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

బుచ్చిలింగం ఇప్పటికీ కొత్త క్లయింట్లను మద్దిచెట్టు దగ్గరికి తీసుకెళ్లి ఆ గూడు చూపిస్తుంటాడు. ఏళ్లు గడిచినా ఒక్క పోచ అరగలేదు, ఒక్క మరమ్మతు రాలేదు, ఒక్క ఫిర్యాదు లేదు. వసంతరావు జీతం పెరిగింది. పక్క అడవుల వాళ్లు కూడా వచ్చి అతని పద్ధతి నేర్చుకుని పోతున్నారు.

పద్ధతి ఒక్క ముక్కలో చెప్పేదే: పని గడువులోపల, ఖర్చులోపల ముగియాలంటే, అది ఎవరికోసమో వాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.